సంచిలో పెట్టి ఇచ్చిన పాత చైను

ఆరేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు గనుక. ముందు కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి: కొత్త సామానుకు పైసా పెట్టకుండా, అరిగిన మోటారుబండి చైనును కొత్తదని అమ్మినవాణ్ణి నేను. జనగామలో కిరాణా కొట్ల మధ్య పుట్టి పెరిగాను; కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరం ఓడిపోయి ఎరగను.

భూపాలపల్లిలో ఒక పాత బండి చవగ్గా దొరికింది. లాభానికి అమ్ముదామని కొన్నాను. నడుపుకొస్తుంటే చైను కవరు లోపల టక్‌మంది. కాసేపాగి మళ్ళీ టక్. మా వీధి మెకానిక్ కవరు విప్పి చూపించాడు. చైను సాగిపోయింది. దాన్ని తిప్పే రెండు చక్రాల పళ్ళు అరిగి, పిల్లి గోళ్ళలా ఒక పక్కకు వంగాయి. మూడూ మార్చాలన్నాడు. నేను వింటానా? ఒక లింకు తీయించి చైను బిగువు చేయించాను. వెనక పళ్ళచక్రాన్ని మరోవైపుకు తిప్పి పెట్టించాను. కిరోసిన్‌తో కడిగి గ్రీజు పూయిస్తే చప్పుడు ఆగింది.

సామాను మారిస్తే పాతది సంచిలో వేసి చేతికివ్వడం మా దగ్గర పద్ధతి. అదే సాక్ష్యం. అందుకని మెకానిక్ తుక్కు కుప్పలో అదే మోడలు చైను, పళ్ళచక్రాలు ఏరాను. ఎవరి బండివో తెలియదు. ఎంత తుప్పు ఉంటే అంత మంచి సాక్ష్యం కదా.

బండి కొన్నది భద్రు. కురవి దగ్గరి తండా మనిషి, మా వీధిలో ఎవరిదో ఇల్లు కడుతున్న సుతారి, తాపీ మేస్త్రీ.

"చైను కొత్తదేనా సేటూ?"

"గా సంచి ఇప్పి సూడు భద్రన్నా. పాతది గిది. నీ చేతులనే పెడ్తున్న."

తుప్పు పట్టిన పళ్ళను వేలితో తడిమి నవ్వాడు. "మంచోనివి సేటూ. గీ రోజులల్ల పాతది సూపెట్టెటోడు ఎవడు?"

నేనూ నవ్వాను. అప్పుడు చెప్పవలసింది. ఎందుకు చెప్పలేదు? బేరం గెలిచిన సంతోషంలో ఉన్నాను, అంతే.

పదిహేను రోజులు గడిచాయి. మధ్యాహ్నం కొట్లో ఒక్కణ్ణే ఉన్నాను. టక్. కాంటా అనుకున్నాను. మళ్ళీ టక్, అదే ఎడంతో. బయటికొచ్చి చూస్తే రోడ్డు ఖాళీ. తర్వాత తెలిసింది: ఆ మధ్యాహ్నమే మహబూబాబాద్ దారిలో చైను తెగి, కవరులో ముద్దయి, వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి భద్రు ఎడమ పాదం మీద పడింది.

నాలుగు నెలల తర్వాత వచ్చాడు. మనిషి కన్నా ముందు చప్పుడు వచ్చింది. టక్. కాసేపాగి టక్. తలెత్తితే చేతికర్ర. ఇక పరంజా ఎక్కలేనన్నాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను.

"కొత్తది దగా చేసింది సేటూ. నువ్విచ్చిన పాతదే మా తమ్ముడు బిగిచ్చిండు. నీ పున్నెమాని చప్పుడే లేదు."

వెంటనే మెకానిక్కు దగ్గరికి పోయి అడిగాను, ఆ సామాను ఎవరి బండిదని. ఆ మోడలుది తన కుప్పలో ఎన్నడూ పడలేదన్నాడు. ఈ చేతులతోనే ఏరాను కదా? ఏరాను.

ఇప్పటికీ ప్రతి బుధవారం ఆ బండి మా కొట్టు ముందు నుంచి పోతుంది. తమ్ముడు నడుపుతాడు, భద్రు వెనక కూర్చుని నాకు చెయ్యెత్తుతాడు. నేను ఏరి ఏరి తెచ్చిన తుప్పు పళ్ళ మీద అది గాలిలా పోతుంది. మలుపు తిరిగాక, నా కొట్టు లోపల, బస్తాల వెనక, టక్.

అతనికి ఎందుకు చెప్పలేదని అడుగుతారు. డబ్బు అడుగుతాడని కాదు. అడిగితే బేరమాడతానని.

మీ దగ్గర బేరం లేదు. చైను, రెండు పళ్ళచక్రాలు, మజూరీ కలిపి ఖర్చయ్యేది రెండు వేలు. ఆ రెండు వేలూ నాకు మిగిలాయి. భద్రు ఎడమ కాలికి రెండు వేళ్ళు మిగిలాయి.