పడవెక్కాలంటే ముందు లాంచీ

అప్పాజీ గారు నర్సీపట్నం వచ్చింది 2001లో, చేతికర్రతో. అంతకుముందు నలభై ఏళ్లు ఆయన బతుకంతా సముద్రం మీదే. ఎస్. రాయవరం మండలంలో ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఆయనది. పన్నెండో ఏట తండ్రి వెంట తెప్ప ఎక్కి, తర్వాత సొంత పడవ చేయించుకుని, ఆ రేవులో గట్టి వేటగాడని పేరు తెచ్చుకున్నారు. ఆ ఏడాది జూలైలో వేట నుంచి తిరిగొస్తుంటే, ఒడ్డు ఇంకో యాభై గజాలు ఉందనగా ఒక కెరటం పడవను అడ్డంగా తిప్పేసింది. నీళ్లలో పడ్డ ఆయన తుంటికి పడవ అంచు బలంగా తగిలింది. విశాఖలో ఆపరేషన్ చేశారు. నడక వచ్చింది గానీ, ఊగే పడవలో నిలదొక్కుకునే బలం ఆ కాలికి ఇక రాదని డాక్టరు చెప్పేశాడు.

ఆయన కూతురు గంగాభవాని నర్సీపట్నంలో మా ఆఫీసులో టైపిస్టు. వాళ్ల ఊరి నుంచి గవర్నమెంటు ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడపిల్ల. బలిఘట్టం వెళ్లే రోడ్డులో, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు రామనాథం గారింట్లో ఒక వాటా అద్దెకు తీసుకుని అమ్మానాన్నలను తెచ్చుకుంది. మాస్టారి భార్య కమలాంబ గారు చేపల గంప మాత్రం పెరటి గుమ్మంలోంచి తీసుకెళ్లమని అడిగారు. అంతకుమించి ఏనాడూ ఏ మాటా అనలేదు.

తల్లి అప్పయ్యమ్మకు ఊరు మారడం పెద్ద కష్టం కాలేదు. అడ్డరోడ్డు జంక్షన్ మీదుగా వచ్చే బస్సులో పొద్దున్నే సొంత ఊరి చేపలే దిగేవి. గంప ఎత్తుకుని మార్కెట్లో కూర్చుంటే పదిమందితో మాట. ఎటొచ్చీ అప్పాజీ గారికే ఏమీ తోచేది కాదు. వసారాలో కుర్చీ వేసుకుని ఏజెన్సీ కొండల వైపు చూస్తూ ఉండేవారు. అడిగితే జవాబిచ్చేవారు, అడక్కపోతే అదీ లేదు. నేను ఏదో ఫైలు పని మీద వాళ్లింటికి వెళ్లినప్పుడు, నాలుగు మాటలు మాట్లాడిద్దామని వాతావరణం గురించి అడిగాను. ఇక్కడి గాలి తనకు అర్థం కాదని చెప్పి ఊరుకున్నారు. రెండేళ్లు అలాగే గడిచాయి.

2003లో మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. టైపు మిషన్లు మూలకు చేరాయి. ఇంట్లో నేర్చుకోవడానికి భవాని ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొనుక్కుంది. దాన్ని తెచ్చి బిగించింది నాగబాబు. ఒకప్పుడు అబీద్ సెంటర్ దగ్గర రేడియోలు బాగుచేసి, తర్వాత కంప్యూటర్లలోకి దిగిన నలభై ఏళ్ల మనిషి. ఆ తర్వాత భవాని విశాఖ వెళ్లినప్పుడు ఒక కొట్టులో, అట్ట మీద పడవ బొమ్మ ఉన్న గేమ్ సీడీ కనబడితే తెచ్చింది. ఆటంటే పెద్ద ఆటేమీ కాదు. ఒక చిన్న పడవ, చుక్కాని, తెరచాప, వల. సముద్రం మీద ఎటు కావాలంటే అటు పోవచ్చు. పోటీ లేదు, చంపుకోవడం లేదు.

అప్పాజీ గారు రెండు రోజులు గుమ్మంలోంచి చూశారు. మూడో రోజు లోపలికి వచ్చి, కూతురి వెనక నిలబడి తనంతట తానే నోరు విప్పారు.

"గాలి అటునుంచి కొడతంటే సాప ఇలాగ పెట్టేవేటి? పడవ బోర్లా పడిపోదా?"

భవాని లేచి కుర్చీ ఆయనకిచ్చింది. తాళ్లు లాగి లాగి కాయలు కాసిన ఆ చేతికి మౌసు మొదట కుదరలేదు. బాణం గుర్తు తెర అవతలికి పారిపోయేది. వారం తిరిగేసరికి పడవ ఆయన చెప్పినట్టు వింది. నెల తిరిగేసరికి, ఈ రోజు ఎంత దూరం వెళ్లానో, గాలి ఎలా తిరిగిందో సాయంత్రం అప్పయ్యమ్మకు చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ చేపలు కడుగుతూ వినేది. ఆ మాటలు వినపడ్డ మొదటి సాయంత్రం తాను వంటింట్లోకి వెళ్లి చాలాసేపు ఏడ్చానని భవాని తర్వాతెప్పుడో మా ఆఫీసులో చెప్పింది.

రామనాథం మాస్టారు కూడా రోజూ వచ్చి పక్కన కూర్చునేవారు. డెబ్బై ఏళ్ల ఆ పెద్దమనిషికి అప్పాజీ గారు చుక్కాని పట్టడం నేర్పారు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మాస్టారు, బుద్ధిగా తిట్లు తింటూ నేర్చుకున్నారు.

రెండేళ్లకు ఆ సీడీ అరిగి గీతలు పడింది. ఎంత తుడిచినా కంప్యూటర్ చదవనంది. 2006లో భవాని విశాఖలో ఊరంతా వెతికితే పాత ఆట దొరకలేదు గానీ, దానికి కొత్త రకం దొరికింది. ఇంకా పెద్ద సముద్రం, ఇంకా మంచి పడవ. తెచ్చి పెట్టింది. తెర మీద సముద్రం రాలేదు. ఒక చిన్న చదరపు పెట్టె వచ్చింది. దాన్ని లాంచర్ అంటారని, ఆట తెరవాలంటే ముందు అది తెరుచుకోవాలని, అది తెరుచుకోవాలంటే ఇంటర్నెట్ ఉండాలని నాగబాబు వచ్చి వివరించాడు. అప్పాజీ గారికి అది లాంచీ అని వినిపించింది. పడవెక్కాలంటే ముందు లాంచీ ఎక్కాలా అని అడిగారు. కాదని ఎవరు చెప్పినా ఆయన నోట అది చివరిదాకా లాంచీయే.

ఇంట్లో ఫోను లేదు. మాస్టారింట్లో ఉంది. మాస్టారు తమ ఫోను తీగ పీకి, కిటికీలోంచి ఈ వాటాలోకి పొడుగు వైరు లాగించారు. లాంచర్ ముందు పేరు అడిగింది, ఈమెయిలు అడిగింది, పుట్టిన తేదీ అడిగింది. తన పుట్టిన తేదీ అప్పాజీ గారికి తెలియదు. మాస్టారు తమ తేదీనే రాసేశారు. అప్పుడు లాంచర్, తనకు కొత్త హంగులు కావాలని, అవి దిగేదాకా ఆగమని చెప్పింది. ఫోను లైను మీద అది చీమలా నడిచింది. ముప్పై నాలుగు శాతం దగ్గర లైను తెగి మళ్లీ సున్నాకు వచ్చింది. మర్నాడు యాభై ఒకటి దగ్గర కరెంటు పోయింది. నాలుగు రోజులు ఇదే తంతు.

"డిస్కు మనం కొనుక్కున్నాం. పెట్టె మనింట్లో ఉంది," అన్నారు అప్పాజీ గారు నాలుగో రోజు. "నాను సముద్రంలోకి ఎల్తానంటే ఎక్కడో ఉన్నోడు రోజూ సరేననాలా? మా రేవులో కూడా ఎవుడూ అడగలేదు మాస్టారూ."

మాస్టారు మంచి ఇంగ్లీషులో ఆ కంపెనీకి ఉత్తరం రాసి, నాగబాబు చేత ఈమెయిలు పంపించారు. తమ సందేశం అందిందని, అది తమకు చాలా ముఖ్యమని నిమిషంలో జవాబొచ్చింది. మాస్టారు సంతోషించారు. తర్వాత ఇంకో మూడుసార్లు రాస్తే మూడుసార్లూ అదే జవాబు అక్షరం తేడా లేకుండా రావడంతో, అది మనిషి రాసింది కాదని ఆయనకు అర్థమైంది.

చివరికి నాగబాబు కొట్టులో కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ పెట్టాడని తెలిసి, భవాని కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి ఆటోలో అక్కడికి తీసుకెళ్లింది. పూటలో పని అయిపోయింది. ఇంటికొచ్చి తెరిస్తే సముద్రం వచ్చింది. అందరికీ ఊపిరి వచ్చింది. కానీ మర్నాడు లాంచర్ మళ్లీ ఇంటర్నెట్ అడిగింది. ఆట తెరిచిన ప్రతిసారీ అడుగుతుందట. సరే, రోజూ పదింటికి తమ ఫోను ఆయనకిచ్చేస్తామన్నారు మాస్టారు. అప్పటినుంచి పదింటికి వైరు కిటికీలోంచి ఇటు వచ్చేది, పని కాగానే అటు వెళ్లేది. కొన్ని రోజులు పది నిమిషాల్లో అయ్యేది, లాంచర్ మళ్లీ ఏదో దించుకుంటే గంటన్నర.

అలాంటి ఒక గంటన్నరలోనే, అనకాపల్లిలో ఉన్న కమలాంబ గారి అక్కకు గుండెల్లో నొప్పి వచ్చింది. వాళ్లు ఎన్నిసార్లు చేసినా ఈ ఫోను ఎంగేజే. చివరికి ఆవిడ కొడుకు మనిషిని పంపితే మధ్యాహ్నానికి కబురు తెలిసింది. ఆవిడ బతికి బయటపడ్డారు గానీ, అప్పాజీ గారు మాత్రం తట్టుకోలేకపోయారు. వైరు చుట్టచుట్టి తీసుకెళ్లి కమలాంబ గారికి ఇచ్చేశారు. ఆవిడ తీసుకోలేదు. "మీరు మాట్లాడకుండా కూర్చున్న రెండేళ్లూ ఈ గోడకు ఇవతల ఉన్నదాన్ని నేను, అన్నయ్యగారూ. ఫోను రోజూ వాడుకోండి, వేళ మార్చుకుందాం," అన్నారు. ఆ మాటకు ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టారు, కానీ వైరు అక్కడే వదిలి వచ్చేశారు. మళ్లీ వసారాలో కుర్చీ.

ఈసారి నాగబాబు పట్టుపట్టాడు. మూడు ఆదివారాలు కొట్టు మూసి, ఆ లాంచర్ లోపలి మెనూలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. ఎక్కడో లోపల ఒక సదుపాయం దొరికింది. ఇంటర్నెట్ ఉన్నచోట ఒకసారి తెరిచి, దాని పక్కన గుర్తు పెట్టి మూసేస్తే, నెల రోజులదాకా అది ఏమీ అడగదు. ఆ సంగతి కంపెనీ వాళ్లు అట్ట మీద గానీ ఉత్తరంలో గానీ ఎక్కడా చెప్పలేదు. నెలకొకసారి పెట్టె తన కొట్టుకు తెస్తే చాలన్నాడు. ఇందుకు ఆయన దగ్గర ఏమీ తీసుకోనని కూడా అన్నాడు.

అలా అప్పాజీ గారు ప్రతి నెలా మొదటి ఆదివారం దుప్పటి చుట్టిన పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో బయల్దేరేవారు. ఐదేళ్లుగా ఇల్లు కదలని మనిషి. పని అయ్యేదాకా కొట్టు ముందు స్టూలు మీద కూర్చునేవారు. టీ వచ్చేది. చింతపల్లి బస్సు కోసం చూసేవాళ్లు, జిరాక్సులకు వచ్చేవాళ్లు పలకరించేవారు. సముద్రం ఎప్పుడూ చూడని కొండవాళ్లు ఆయన చెప్పే వేట కబుర్లకు బస్సు పోగొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. లాంచీని తిట్టుకుంటూ వెళ్లేవారు, నవ్వుమొహంతో వచ్చేవారు.

2007 జూన్‌లో అలాగే కూర్చుని ఉండగా, అప్పయ్యమ్మ తమ్ముడు సోములు చేపల లోడు దించి బావను వెతుక్కుంటూ వచ్చాడు. ఊళ్లో కబురు మంచిది కాదు. ఇంజను బోట్లు వచ్చాక కొత్తవాళ్లు కెరటాలు సద్దుమణిగేదాకా ఆగడం మానేశారని, ఆ నెలలోనే రెండు బోట్లు ఒడ్డు దగ్గర తిరగబడ్డాయని చెప్పాడు. అప్పాజీ గారు అతన్ని లోపలికి పిలిచి, తెర మీద పడవను చూపించి, పెద్ద కెరటాలు ఎన్ని వస్తాయో, వాటి తర్వాత ఎంతసేపు సముద్రం మెత్తబడుతుందో, ఏ కెరటం వీపు మీద లోపలికి రావాలో చెప్పుకుంటూ పోయారు. సోములు అంతా విన్నాడు.

"ఇది నర్సీపట్నంలో సెప్తే ఏటి నాభం, బావా?" అన్నాడు. "వొడ్డుకొచ్చి సెప్పు."

ఆయన ఆ కాలితో ఏం చేస్తానని ఇంటికి వచ్చాక భవానిని అడిగారు. పడవ ఎక్కక్కర్లేదు కదా, ఒడ్డున నిలబడితే చాలు కదా అని భవాని అంది. పది రోజుల తర్వాత అప్పయ్యమ్మను తోడు తీసుకుని బస్సెక్కారు. దెబ్బ తగిలాక ఆరేళ్లకు మళ్లీ ఆ ఇసుక మీద నిలబడ్డారు. తిరిగొస్తున్న బోట్లు కెరటాల అవతల ఆగి ఉన్నాయి. ముందే చెప్పుకున్నట్టు ఆయన తువ్వాలు పైకెత్తి పట్టుకుని కెరటాలు లెక్కపెట్టి, సందు దొరకగానే కిందికి దించారు. మొదటి బోటు సోములుది. తిన్నగా వచ్చి ఇసుక ఎక్కింది. దాని వెనక మిగతావి ఒక్కొక్కటే ఆయన తువ్వాలు చూసుకుని వచ్చాయి.

అప్పటినుంచి వానాకాలంలో ఆయన అక్కడే ఉండేవారు, మిగతా నెలలు ఇక్కడ. ఆయన నిలబడ్డ రెండు వానాకాలాల్లో ఆ రేవులో బోటు తిరగబడలేదు. వచ్చేటప్పుడు కమలాంబ గారికి తాటిపళ్లు తెచ్చేవారు.

2009లో లాంచర్ ఇంకోసారి మారింది. ఈ పాత కంప్యూటర్ ఇక తనకు పనికిరాదని చెప్పి మూసుకుపోయింది. నాగబాబు కొట్టులో రెండు రోజులు తంటాలు పడి, మూడో రోజు పెట్టె తానే మోసుకుని ఇంటికి వచ్చాడు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఏదో తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. అప్పాజీ గారు కంపెనీవాళ్లను రెండు తిట్లు తిట్టారు. కొనుక్కున్న వస్తువుకు కూడా మనం యజమానులం కాకపోతే ఎలాగని మాస్టారితో మొరపెట్టుకున్నారు. నర్సీపట్నంలో ఉండే నెలల్లో ఆ ఆట లేని లోటు ఆయనకు తెలుస్తుందని మా అందరికీ తెలుసు. తర్వాత నాగబాబు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టారు.

"నీ కొట్టుకి రాబట్టే నాను మళ్లీ మనుషుల్లో పడ్డాను. సోములు నన్ను ఆడికొచ్చే కదా పట్టుకున్నాడు. నీ రునం ఎలాగ తీర్సుకోను?" అన్నారు. నాగబాబు ఎప్పుడైనా బోటు ఎక్కాడా అని అడిగారు. లేదన్నాడు.

ఆ ఆదివారం నాగబాబును బస్సులో రేవుకు తీసుకెళ్లి సోములు బోటు ఎక్కించారు. సముద్రం ఆ రోజు శాంతంగానే ఉంది. రెండు గంటల తర్వాత బోటు తిరిగొస్తుంటే, అప్పాజీ గారు మోకాలి లోతు నీళ్లలోకి దిగి, కర్ర ఇసుకలో పాతి, తువ్వాలు ఎత్తి పట్టుకున్నారు. బోటు ఒడ్డెక్కింది. నాగబాబు తల నుంచి కాళ్లదాకా తడిసి, నవ్వు ఆపుకోలేక, దిగీ దిగగానే ఇంకోసారి వెళ్దామా అని సోములును అడుగుతున్నాడు.