నొప్పి మంగళవారం వచ్చింది

మా పాల్మాకుల నుంచి నగరంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రికి నేను చేసిన ప్రయాణాల్లో ఇది ఏడోది. ముందు ఆరూ ఎందుకు దండగయ్యాయో చెబితే, వెళ్లబోయేవాళ్లకు పనికొస్తుంది. నా ఓపీ చీటీ చూసే డాక్టర్లు మంగళవారం మాత్రమే కూర్చుంటారు. నాకు నెలసరి రోజుల్లో కడుపులో కత్తి తిప్పినట్టుంటుంది, తర్వాత మామూలే. నొప్పి లేని మంగళవారం వెళితే, "బాగానే ఉన్నావుగా, నొప్పి ఉన్నప్పుడు రా" అన్నారు. నొప్పి ఉన్న గురువారం వెళితే, "నీ రోజు మంగళవారం" అన్నారు. రెండూ ఒక్కసారి కలిశాయి. ఆ రోజు సమ్మె. మధ్యలో ఒక కుర్ర డాక్టరు "పెళ్లయితే అదే పోతుంది" అని మందు కూడా రాయకుండా పంపాడు. నేను కోరిందల్లా ఒక్కటే, నొప్పి ఉండగా ఒక డాక్టరు నన్ను చూడాలి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి నొప్పి లేచింది. "అమ్మా, వచ్చింది!" అని అరిచాను. లాటరీ తగిలినవాళ్లు కూడా అంత సంబరంగా అరవరు. అమ్మ వెంటనే మోకరించింది. తొమ్మిదేళ్లుగా ఈ నొప్పి తీసెయ్యమని ప్రార్థిస్తున్న మనిషి, ఆ పొద్దున మాత్రం "ప్రభువా, జర పగటిదాంక దీన్ని గిట్లనే ఉంచు" అంది.

5.50కి షాద్‌నగర్ నుంచి వచ్చే బస్సు ఎక్కాం. వెనక చక్రం మీది సీటు దొరికింది. కుదుపులు ఎక్కువ కాబట్టి నొప్పి తగ్గకుండా ఉంటుందని అమ్మ అదే ఖాయం చేసింది. నేను మెలికలు తిరగడం చూసి పక్కనున్న పెద్దాయన జేబులోంచి వాము పొట్లం తీశాడు.

"నములు బిడ్డా, దెబ్బకు పోతది."

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు బాపూ! పోతే మళ్ల మంగళారం నాడు ఎప్పుడొస్తదో!"

ఆయన పొట్లం కట్టేసి, మమ్మల్నిద్దరినీ ఓసారి చూసి, ముందు సీటుకు వెళ్లిపోయాడు.

7.15కు అఫ్జల్‌గంజ్‌లో దిగి నడిచాం. చీటీల కిటికీ ఎనిమిదిన్నరకు తెరుస్తారు, ఏడున్నరకే నిలబడటం మంచిది. లోపల బెంచీల నిండా కడుపుతో ఉన్నవాళ్లే. ఒకామె నన్ను చూసి "ఎన్నో నెల?" అంది. "తొమ్మిదో ఏడు" అన్నాను. ఇంకేం అడగకుండా జరిగి చోటిచ్చింది.

పదింటికి నొప్పి కాస్త తగ్గింది. అమ్మ నన్ను వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, మెట్లెక్కించి, దింపింది. నొప్పి మళ్లీ అందుకుంది. "స్తోత్రం" అంది అమ్మ.

11.20కి పెద్ద డాక్టరమ్మ చూసింది. పొత్తికడుపు మీద చెయ్యి వేసి నొక్కగానే నేను పెట్టిన కేకకు నర్సు చేతిలో కలం జారిపడింది.

"ఎన్నేళ్ల నుంచి ఉందమ్మా?"

"తొమ్మిదేండ్లయింది మేడం."

"ఇన్నేళ్లూ ఏం చేశావు?"

"మంగళారం కోసం చూసిన."

ఆమె నవ్వలేదు. "ఎండోమెట్రియోసిస్ అనుకుంటున్నాను. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా పెరుగుతుంది. నెలనెలా దాన్నుంచీ రక్తం వస్తుంది. నొప్పి రాక ఏమవుతుంది!" అని చీటీ మీద రాసింది. దానికో పేరుందని తెలిసి నేను భోరున ఏడ్చాను.

పొట్టలోకి దుర్బీన్ అనే కెమెరా గొట్టం పెట్టి చూస్తేగానీ ఖాయంగా తేలదు. ఆ యంత్రం ఎప్పుడు దొరుకుతుందని ఆయాను అడిగాం.

"దుర్బీన్ ఈడ యాడుంటదమ్మా? కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపులకు తిరుగుతున్నది. ఇయ్యాల షాద్‌నగర్ పోయింది."

"మా ఊరి మీదికెల్లేనా?" అన్నాను.

"ఇంకెట్ల పోతది మరి?"

అంటే నేను దానికోసం ఇటు వస్తుంటే, అది మా ఊరు దాటి అటు వెళ్లిందన్నమాట. మార్చి ఆఖరుకు క్యాంపుల లెక్క పూర్తి కావాలట, అందాకా దానికి తీరిక లేదు. నాకు ఏప్రిల్ రెండో మంగళవారం ఇచ్చారు. నర్సు కింద ఎర్ర సిరాతో ఒక ముక్క రాసి చదివి వినిపించింది: ఆ రోజు నెలసరి ఉండకూడదు. అమ్మ అక్కడే వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

2.10కి తిరుగు బస్సు. అమ్మ వెనక సీట్లో నిద్రపోయింది. నా పక్కన ఖాళీ గంపలతో ఒక కూరగాయలామె కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. శంషాబాద్‌కు టికెట్ తీసుకుంది. దవాఖాన సంగతి అడిగితే ప్రార్థన, వాము, దుర్బీన్, అన్నీ చెప్పాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఇంతకీ బీమారేందని అడిగింది. నొప్పి ఎలా ఉంటుందో చెబుతుంటే ఆమె నవ్వు ఆగిపోయింది.

"నడుం ఇరిగినట్టయితదా? దొడ్డికి కూసుంటే గూడ నొస్తదా?"

అవునన్నాను.

"నాకు ఇరవై ఏండ్ల సంది గిట్లనే. ఆడపుట్టుక గంతే అన్నది మా అత్త. ఇగ నేనెవ్వరికీ చెప్పలే."

ఏడు ప్రయాణాల్లోనూ నా అంత దురదృష్టవంతురాలు లేదనే అనుకున్నాను. నాకు ఎదురుచూడటానికి ఒక మంగళవారమైనా ఉంది. ఎదురుచూడొచ్చని కూడా ఈమెకు ఎవరూ చెప్పలేదు. నాకు సిగ్గేసింది.

"శంషాబాద్! అమ్మా, గంపలు దించుకో!" కండక్టరు కేకేశాడు.

ఆమె కదల్లేదు. "పాల్మాకులకు ఇంకో టికెట్ కొట్టన్నా" అంది. బస్సు బయల్దేరాక నా చీటీ మీద వేలు పెట్టింది.

"బీమారి పేరు యాడ రాసిండ్రు బిడ్డా? జర మెల్లగ సదువు."