మూలుగ బొక్క ఒప్పందం

ఆ రోజుల్లో జీతమంటే నెల మొదట్లో వచ్చి, వారం తిరగకుండా పోయేదని మాత్రమే నాకు తెలుసు. అది సగానికి విరుగుతుందని, ఆ ముక్కను ఒప్పుకోవాలా వద్దా అని మటన్ గిన్నె ముందు కూర్చుని చెమటలు కక్కాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు. (చెప్పినా వినేవాణ్ణి కాదు. అప్పట్లో నాకు అన్నీ తెలుసు.) మాది పెద్దవంగర పక్కన. డిగ్రీ ఎట్లాగో గట్టెక్కాక జనగామలో ఒక ఫర్నిచర్ దుకాణంలో సేల్స్‌మన్‌గా కుదిరాను. పెళ్లి సామాను కొనడానికి వచ్చినవాళ్ల ముందు డబుల్ కాట్ మంచం మీద ఎక్కి ఒకటికి రెండుసార్లు ఎగిరి, "సూసిన్రా, కిర్రుమనలే" అనడం నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం.

మా దుకాణం బతికేది పెళ్లిళ్ల మీద. లాక్‌డౌన్ ఎత్తేశారు గానీ జనం చేతుల్లో డబ్బు ఆడలేదు. పెళ్లిళ్లు ఇంటి ముందర చిన్న పందిట్లో గప్‌చుప్‌గా అయిపోతున్నాయి, మంచం ఊసు ఎత్తేవాడే లేడు. మేము పొద్దున్నే వచ్చి దుమ్ము దులిపి, ఆ దులిపిన మంచాల మీదే పడుకునేవాళ్లం. బక్కగా ఉన్నాడు కాబట్టి అందరూ పహిల్వాన్ తాత అని పిలిచే వాచ్‌మన్‌ది టేకు మంచం. లెక్కలు చూసే బిల్లులక్కది సోఫా. పాలిష్ పనిచేసే చిచ్చా మాత్రం పడుకునేవాడు కాదు. అమ్ముడుపోని బీరువాలకే మళ్లీ మళ్లీ పాలిష్ పెడుతూ, "ఇది మెరుస్తలేదు, ఏడుస్తుంది" అనేవాడు.

ఒకరోజు దుకాణం యజమాని సేటు మమ్మల్ని పిలిచి కళ్లు కిందికి వేసుకుని చెప్పాడు. "ఇగ నాతోని అయితలేదు. సగం జీతమే ఇయ్యగల్గుత. ఇప్పుడే ఏం చెప్పకుండ్రి. ఐతారం మా ఇంట్ల దావత్ ఉంది. తిని, అప్పుడు చెప్పుండ్రి."

అక్కడే ఉంది అసలు కిటుకు. మా వైపు ఒకరింట్లో కూర్చుని కడుపునిండా మటన్ తిన్నాక, చెయ్యి కడుక్కుంటూ వాళ్ల ముఖం మీద 'నాతోని కాదు' అని చెప్పడం అయ్యే పని కాదు. భూమి తగాదాలు, పెళ్లి సంబంధాలు, అలిగిన అల్లుళ్ల అలకలు అన్నీ అట్లాగే తెగుతాయి. సేటుకు ఆ సంగతి తెలుసు. ఆయనకు తెలుసని మాకూ తెలుసు.

నా కష్టం మిగతావాళ్ల కంటే ఒక మెట్టు ఎక్కువ. భూపాలపల్లి అవతల కాటారంలో నాకు ఒక సంబంధం కుదిరింది. పిల్ల తండ్రికి వరి పొలం ఉంది. ఆయన నన్ను చూసి ఒప్పుకోలేదు, నా జీతం చూసి ఒప్పుకున్నాడు. పిల్ల మాత్రం మొదటిసారి ఫోన్లో, "మంచాలమ్మేటోళ్లకు మంచిగ నిద్ర పడ్తదా?" అని అడిగింది. ఆ మాటతో నా నిద్ర పోయింది. నాకు ఆ పిల్ల నచ్చింది, చాలా నచ్చింది. ఇప్పుడు జీతం సగమైందంటే సంబంధం తప్పిపోతుంది. సగం వద్దని ఉద్యోగం వదిలేస్తే సంబంధంతో పాటు రూము కిరాయి కూడా తప్పిపోతుంది.

కాబట్టి నేనే నాయకుణ్ణయ్యాను. ఆ టేకు మంచం మీద నిలబడి (ఎత్తుగా ఉంటే మాట బాగా వస్తుందని) నా పథకం చెప్పాను. దావత్‌కు అందరం పోదాం, పోకపోతే మర్యాద కాదు. కానీ బగార అన్నంలో పచ్చిపులుసు పోసుకుని మాత్రమే తిందాం. మటన్ ముక్క ఒక్కటి కూడా ముట్టొద్దు. మన పళ్లేలు చూసి సేటే అర్థం చేసుకుంటాడు. బిల్లులక్క చప్పట్లు కొట్టింది. తాత మంచం కోడు మీద ఒట్టేశాడు. చిచ్చా మాత్రం గొంతు సవరించుకున్నాడు. "ఒక పరేషాన్ ఉంది బేటా. దావత్‌ల వండేది నేనే."

సేటు ముందే అడిగాడట, ఈయన కాదనలేకపోయాడట. అయినా ఫికర్ వద్దని, ఎవరికీ తినబుద్ధి కాకుండా కూరలో ఉప్పు దంచి పోస్తానని మాటిచ్చాడు.

ఆ ఆదివారం వచ్చింది. సేటు వాళ్ల వీధి మొదట్లోకి పోగానే మసాలా వాసన ఎదురొచ్చింది. చెడగొట్టిన కూర వాసన కాదది. చిచ్చా నన్ను పక్కకు లాగి, "ఏం జెయ్యాలె రా, చెయ్యి మాట ఇనలే" అన్నాడు. ఆ కంగారులో ఉండగానే నా ఫోన్ మోగింది. "బిడ్డా, నేను కాటారం మామను. నువ్వు పనిచేసే జాగ ఒక్కసారి సూసిపోదామని వచ్చిన. జనగామ బస్టాండుల ఉన్న." పక్కనే ఉన్న సేటు విన్నాడు. "చుట్టాన్ని బస్టాండుల నిలవెడ్తవా? పోయి తీస్కరా" అని తన బండి తాళం నా చేతిలో పెట్టాడు.

ఆ విధంగా నేను పంక్తిలో కాబోయే మామ పక్కన కూర్చున్నాను. మటన్ వచ్చింది, వద్దన్నాను. మళ్లీ వచ్చింది, పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాను. అవతల అక్క, తాత కూడా పచ్చిపులుసే జుర్రుతున్నారు. మామ తినడం ఆపి నన్ను పరీక్షగా చూశాడు.

"ఏంది పిలగా, కూర ఏస్కుంటలేవు? అయ్యప్ప మాల గిట్ల ఏసినవా?"

"లేదు మామా." (నేను వేసుకున్నది ఎర్ర టీషర్టు.)

"మరి కడుపుల ఏమన్న బాధనా? దవాఖానల సూపిచ్చినవా?"

"నాకేం రోగం లేదు మామా."

"సూపిచ్చుకోకుంట రోగం లేదని ఎట్ల ఎర్కైంది?"

మటన్ తినలేని అల్లుడు ఏ పొలం గట్టు ఎక్కుతాడా అని ఆయన లెక్క కడుతున్నట్టు ముఖంలోనే కనబడుతోంది. తింటే జీతం పోతుంది, తినకపోతే పిల్ల పోతుంది. సరిగ్గా అప్పుడు చిచ్చా గరిటెతో నా ముందుకొచ్చాడు. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి వండిన కూరను సొంత మనుషులే ముట్టకపోవడం చూసి ఆయన ముఖం చిన్నబోయింది. సమ్మెలో తానూ ఉన్నానన్న సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. "జర ఉప్పు సూసి చెప్పు బేటా, ఒక్కటంటె ఒక్కటి" అని ఇంత పొడుగు మూలుగ బొక్క, లోపల మూలుగ నిండిన ఎముక, నా పళ్లెంలో వేశాడు.

బొక్క నోట్లో పెట్టి పీల్చాను. ఆ చప్పుడు పంక్తి చివరిదాకా వినబడింది. నాయకుడు పడిపోయాడని అందరికీ తెలిసిపోయింది. "పిలగాడే ఒప్పుకున్నంక మనదేముంది" అంటూ తాత పళ్లెం చాపాడు. అక్క నన్ను కాల్చేసేట్టు చూసి, "నాకు మెత్తటియి ఎయ్యి చిచ్చా" అంది.

సేటు ముఖం వెలిగిపోయింది. "శాన సంతోషం! అయితె ఈ నెల కెల్లి సగం జీతానికి అందరు ఒప్పుకున్నట్టే" అని గట్టిగా అనేశాడు.

మామ చేతిలోని ముద్ద నోటి దగ్గర ఆగింది. "సగమా?"

ఇక దాచేదేముంది. "సగమే మామా. సగం జీతపోనికి పిల్లనియ్య అంటె నేనేమనుకోను" అన్నాను. చాలా గంభీరంగా అనాలనుకున్నాను గానీ మధ్యలో మూలుగ గొంతుకు అడ్డం పడి పొలమారింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి మూలుగ వల్ల వచ్చినవో పిల్ల వల్ల వచ్చినవో నాకిప్పటికీ తెలియదు.

మామ నా వీపు మీద గట్టిగా చరిచి, సేటు వైపు తిరిగాడు. "సేటూ, నీ దుకాణంల పైసలు లేకుంటె మాయె, సామానన్న ఉన్నదా?"

"సామాన్‌కేమన్నా, నిండ ఉన్నది. కొనేటోడే లేడు."

"మరింకేంది? మా దిక్కు కోతలప్పుడు చేతుల పైసలాడకుంటె కూలోళ్లకు వడ్లు కొలుస్తం. నువ్వు గూడ మిగిలిన సగానికి సామాన్ కొలువు."

సేటు వేళ్లు నాకుతూ ఆలోచించాడు. ఆ నాకడం అయిపోయేసరికి ఒప్పందం కుదిరింది. పోతూ పోతూ మామ, "మూలుగ గట్ల పీల్చెటోనికి రోగమేం లేదులే" అన్నాడు.

అట్లా నా జీతంలో సగం చెక్క రూపంలో రావడం మొదలైంది. జూలైలో డ్రెస్సింగ్ టేబుల్, ఆగస్టులో బీరువా, సెప్టెంబర్‌లో ఇంకో బీరువా (చిచ్చా పాలిష్ పెట్టీ పెట్టీ మిగిలింది), దసరాకు టీపాయ్. ఆ కాటారం పిల్లతోనే పెళ్లయి, మా ఆవిడ వచ్చేసరికి రూములో బీరువాలున్నాయి గానీ వాటిలో పెట్టడానికి బట్టల్లేవు. ఆమె ఒక్కోదానికి అది వచ్చిన నెల పేరే పెట్టింది. ఇప్పటికీ మా ఇంట్లో "సెప్టెంబర్ల చెద్దర్లున్నయ్, తే" అంటే కొత్తవాళ్లు బిక్కమొహం వేస్తారు.

ఇప్పుడు మానుకోటలో నాకే ఒక చిన్న ఫర్నిచర్ దుకాణం ఉంది. జనం ఫోన్లోనే మంచాలు కొంటున్నారు, ఈ ఏడాది బేరాలు మరీ పలచన. పోయిన ఐతారం పనివాళ్లను ఇంటికి భోజనానికి పిలిచాను. (ఎందుకో మీరు ఊహించే ఉంటారు.) వండింది ఇప్పుడు నా దగ్గరే పనిచేస్తున్న చిచ్చా. కూర గిన్నె పట్టుకుని పంక్తిలోకి వెళ్లి చూద్దును కదా, అందరి పళ్లేల్లో బగార అన్నం, పచ్చిపులుసు. ఎవరు నేర్పారో అడగనక్కర్లేదు. చిచ్చా కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

నాకు నవ్వొచ్చింది, గొంతులో ఏదో అడ్డం కూడా పడింది. ఈసారి మూలుగ తినకుండానే. "జీతాలు తగ్గియ్య. తినుండ్రి" అన్నాను.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ అడిగింది. "తగ్గియ్యకుంటె దుకాణం ఎట్ల నడుస్తది?"

"ఆగస్టును అమ్ముదాం."

"అమ్ము. సెప్టెంబర్‌ను గూడ అమ్ము. జూలైని ముట్టినవంటె మాత్రం మంచిగుండదు."

ఆ జూలై అద్దం ముందే రోజూ తల దువ్వుకుంటాను. జుట్టు కూడా సగమే మిగిలింది. బొక్క చప్పరిస్తున్న ఆ ఎర్ర టీషర్టు పిల్లగాడు గుర్తొచ్చి, నవ్వుకుని, ఆ సగానికీ ఒప్పుకున్నాను.