వయ్యారిభామ పెరిగిన పెరడు

మొన్న తొలకరికి మా రాయగడ ఇంటి వెనక వయ్యారిభామ మళ్ళీ మోకాలెత్తు లేస్తే, పీకించడానికి ఇద్దరు మనుషుల్ని పిలిచాను. వాళ్ళు మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పూత రాకముందే వేళ్ళతో సహా లాగి గోనెల్లో కూరుతుంటే, గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్న నాకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు.

మా మామగారిది పప్పుల టోకు వ్యాపారం. ఖాళీ గోనెలన్నీ పెరట్లోనే దులిపేవారు, ఆ దుమ్ములోంచే ఈ మొక్క పుట్టుకొచ్చిందని ఇప్పుడనుకుంటాను గానీ, అప్పట్లో కేరట్ ఆకులా ముద్దుగా ఉందని ఊరుకున్నాం, పేరు కూడా ఎంత సొగసుగా పెట్టారో చూడండి. నేను విజయనగరం నుంచి కోడలిగా వచ్చిన రెండో ఏడు నాకు పాప పుట్టింది. అది పాకడం మొదలెట్టాక, ఆ గుబురులో పురుగూ పుట్రా ఉంటాయని మా తోటికోడలు, నేను అక్కా అని పిలిచేదాన్ని, పొద్దున్నే పనులు తెమల్చుకుని ఆ మొక్కల్ని వట్టి చేతుల్తో పీకేది. తన పిల్లలు అప్పటికే బడికి పోతున్నారు; ఆ పాటంతా నా కూతురి కోసమే.

ఆ ఏడు అక్క చేతులు పాడైపోయాయి. ముందు దురద, తర్వాత దద్దుర్లు, ఆపైన నల్లబడి పగుళ్ళిచ్చి రసి కారడం, కనురెప్పల మీదికి కూడా పాకింది. వేడి చేసిందన్నారు, వేపాకూ పసుపూ రాశారు. తగ్గకపోయేసరికి అంటురోగమేమోనని వీధిలో గుసగుసలు మొదలై, పేరంటాల్లో ఆమె చేతి తాంబూలం అందుకోవడం మానేశారు. వాళ్ళని అనడానికి నాకేం హక్కుంది, ఒకే ఇంట్లో ఉండి ఆమె తాగిన గ్లాసు వేరుగా పెట్టినదాన్ని నేనే. ఓ మధ్యాహ్నం పాప కోసం చేతులు చాపితే, ఇప్పుడే నిద్రపోయిందని చెప్పి భుజం మీదికి తిప్పుకున్నాను. పాపేమో ఆమెనే చూస్తూ నవ్వుతోంది.

"కళ్ళిప్పుకొని నిద్దరోతాదేటే నీ కూతురు?" అని తనూ నవ్వింది. ఆ తర్వాత మరెప్పుడూ అడగలేదు. మర్నాడు పొద్దున్న మాత్రం ఎప్పటిలాగే పెరట్లోకెళ్ళి మొక్కలు పీకింది.

చివరికి మా బావగారు ఆమెని కోరాపుట్‌లో చర్మం డాక్టరుకి చూపించారు. ఆయన రోజూ ఏమేం పనులు చేస్తావని ఒక్కొక్కటే అడిగి, ఈ మొక్క మాట రాగానే, అది ఒంటికి పడకే ఇదంతా, ఎవరికీ అంటదు, మళ్ళీ ముట్టుకోకు అన్నాడట. తిరిగొచ్చిన రోజే బావగారు చేతులకి గోనెగుడ్డ చుట్టుకుని పెరడంతా పీకి, తర్వాత మొలిచిన లేతవాటి మీద ఎండ వేళ చిక్కటి ఉప్పునీళ్ళు చల్లారు. నాలుగు నెలల్లో అక్క చేతులు చాలావరకు నయమయ్యాయి.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. పాపని తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టబోతే చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

"వొద్దమ్మీ. ఇప్పుడెత్తుకున్నా పిల్లని సూడను, నీ మొకమే సూస్తాను."

కోపంతో అన్నా బాగుండేది. ఆ తర్వాత పాతికేళ్ళు బతికింది అక్క, నాకు జ్వరమొస్తే పక్కనే కూర్చుంది, నా కూతురి పెళ్ళిలో అందరికంటే ఎక్కువ చాకిరీ చేసింది. దాన్ని మాత్రం ఒక్కనాడూ దగ్గరికి తీసుకోలేదు.

నిన్న కూతురితో ఈ మొక్కల మాట చెబుతుంటే పెద్దమ్మ ప్రసక్తి వచ్చింది. పెద్దమ్మకి తనంటే ఇష్టం లేదని చిన్నప్పట్నుంచీ అనుకుంటోందట. ఇప్పుడు ఏ ఆకు తగిలితే ఏ దద్దు వస్తుందో, ఏది అంటుతుందో ఏది అంటదో ఫోనులో చూసి నిమిషంలో చెప్పేస్తున్నారు, మా రోజుల్లో ఆ పాటి తెలిస్తే ఎంత బాగుండేదో అనుకుంటాను. కానీ నా కూతురికి తెలియాల్సిన ఈ ఒక్క సంగతీ నేను నోరు విప్పితే తప్ప ఎక్కడా దొరకదు. నిన్న కూడా విప్పలేకపోయాను.