బ్యాటరీకి తడి గోనెపట్ట

నిరుడు వేసవిలో ఏఎన్‌ఎంగా ఓర్వకల్లు పక్క పల్లెలకు ఎలక్ట్రిక్ సైకిల్ మీద టీకాలు తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు ఎండకు బ్యాటరీ కాలిపోతోందని, ఇంట్లో నీళ్లకుండకు చుట్టినట్టే దానికీ తడి గోనెపట్ట చుట్టాను. గుట్ట ఎక్కుతుండగా నీళ్లు లోపలికి దిగి మోటారు ఆగిపోయింది. గొర్రెలు కాస్తున్న పెద్దాయన పగలబడి నవ్వాడు.

"ఏమ్మా, బండికి ఎద్దుకు మాదిరి నీళ్లు పోసినావా? ఎండ శానా ఉండాది, ఎనక్కి పో."

"టీకాల పెట్టెలో ఐసు కరిగేలోగా ఊరు చేరల్లప్పా!"

కుచ్చిళ్లు దోపి పెడల్ తొక్కాను. తొక్కలేనిచోట తోశాను. ఊరు చేరేసరికి బడి వసారాలో తల్లులు పసిపిల్లలతో ఇంకా కూర్చునే ఉన్నారు. టీకాల పెట్టెలో ఐసు ఇంకా గట్టిగానే ఉంది.

తర్వాత కొత్త బ్యాటరీ వేయించి, పైన నీడకు రేకు బిగించాను. ఆ పెద్దాయన కనిపిస్తే మాత్రం బెల్లు రెండుసార్లు కొట్టి మరీ గుట్ట ఎక్కుతాను.