గోడ లేదని ముందే చెప్పిన అమ్మాయి

కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కు నిండుగా పనిచేయడం మొదలైన ఏడు. నేను అక్కడి పి.యు., అంటే ఇంటర్, కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. మా విద్యార్థిని రత్నమ్మ బెంగళూరులో జరిగే సైన్స్ ఉపన్యాస పోటీకి ఎంపికైంది. అంశం, విస్తరించే విశ్వంలో కృష్ణబిలాల థర్మోడైనమిక్స్, అంటే వాటి వేడి లెక్కలు. తండ్రి గొర్రెలను తోలుకుని మేత కోసం ఊళ్లు తిరుగుతున్నాడు. పిల్లను పంపాలా వద్దా అన్నది మేనమామ హనుమప్ప చేతిలో ఉంది.

ఆయన సోలార్ ప్లాంటులో సెక్యూరిటీ గార్డు. పూనకాలు బూటకమని వాళ్ల ఊళ్లో నేను ప్రసంగించినప్పటి నుంచి నా మీద గుర్రుగా ఉన్నాడు. వల్లూరులో వాళ్లింట్లో అడుగు పెట్టగానే అందుకున్నాడు.

"దేవుడు వచ్చేది కండ్లకు చూపీమంటివి కదా సారూ! ఆ నల్ల బొక్క వేడి ఎవురు చూసినారు?"

"ఎవరూ చూడలేదు. లెక్క కట్టారు," అన్నాను.

"ఏం లెక్క?"

రత్నమ్మ వివరించింది. కృష్ణబిలం వేడిని పోగొట్టుకునేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. విశ్వపు అంచుకు అంతకన్నా తక్కువ వేడి. రెండింటికీ పొత్తు కుదరదు. అందుకే కృష్ణబిలం చుట్టూ ఒకే వేడిలో నిలిచే గోడ ఉందనుకుని లెక్క వేస్తారు. ఆ వేడి ఒక హద్దు దాటితే, నీళ్లు ఆవిరైనట్టు, గోడ లోపల కృష్ణబిలం లేకుండా ఉత్త కిరణాలే ఉన్నా అవి కృష్ణబిలంగా మారవచ్చు. ఈ దశ మార్పునే ఫేజ్ ట్రాన్సిషన్ అంటారు.

"ఆ గోడ యాడుండాది?"

"యాడా లేదు మామా. ఉండాదని అనుకుంటారు."

హనుమప్ప తొడ చరిచాడు. "లేని గోడకు లెక్కలేసేకి బెంగళూరు దాకా పోవల్లనా? ఇంతకన్నా మా పూజారే మేలు కదప్పా!"

నాకు ఒళ్లు మండింది. ఏ ఊరికి వెళ్లినా ఇదే గొడవ. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల అందుకుంది.

"గోడ లేదని మేం ముందే చెప్తాం మామా. లెక్క తప్పని తేలితే పారేస్తాం. మీ పూజారి ఒక్కసారన్నా తప్పయిందని చెప్పినాడా?"

ఆయన నావైపు తిరిగాడు. "నోరు చూడు దీనికి! సరే, పో. ఆడ మాత్రం గోడ లేదనే మాట మొదట్లోనే చెప్పల్ల. దాచినావంటే నీకింక కాలేజీ లేదు."

పోటీలో ఆమె అలాగే చెప్పింది. న్యాయనిర్ణేత ఒకాయన వెంటనే అడ్డుపడ్డాడు. "లోపంతో మొదలుపెడతావా? నిరూపితమైన సత్యమని ధీమాగా చెప్పు," అన్నాడు కన్నడలో. చెప్పనంది. బహుమతి రాలేదు.

సంగతి విని హనుమప్ప నా మీదకే ఎగిరాడు. "లేనిదాన్ని లేదంటే మార్కులు కోస్తారా? వాళ్లేం సైన్సోళ్లప్పా?"

పూనకం వచ్చినవాళ్లతో వాదించే ఓపిక నాకుంది. ఊహను ఊహ అన్నందుకు పిల్లను శిక్షించే చదువుకున్నవాళ్లతో లేదు. తనకు తెలిసినది ఎక్కడ ఆగిపోతుందో చెప్పగలిగినప్పుడే ఎవరైనా శాస్త్రం చదివినట్టు. ఆ పరీక్షలో ఆ రోజు తప్పింది రత్నమ్మ కాదు.