కొల్లేటి గట్టున నిచ్చెన పాఠం

ఏలూరులో ఒక బళ్లో నేను సోషల్ చెబుతాను. సమాజాలు ఎలా ఎదుగుతాయన్న పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద నిచ్చెన గీయడం నా అలవాటు. అట్టడుగున వేట, ఆ పైన పశువుల పెంపకం, తర్వాత వ్యవసాయం, అన్నిటికీ పైన యంత్రాలు. ఏ దేశపు జనమైనా ఈ వరుసలోనే ఎక్కుతారని, కొందరు ముందు, కొందరు వెనక, అంతే తేడా అని గొంతు సవరించుకుని మరీ చెప్పేదాన్ని.

ఆ ఏడు నాకో దుర్బుద్ధి పుట్టింది. మొదటి మెట్టు మీదున్న వాళ్లను కళ్లారా చూపిద్దామని తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సెక్కించి, కైకలూరు దాటాక కొల్లేటి గట్టున ఉన్న ఒక ఊరికి తీసుకెళ్లాను.

దిగగానే ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన వల బాగుచేసుకుంటూ కనిపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశారా పిల్లలూ, వేట దశ అంటే ఇదే" అన్నాను, ఆయనకు వినపడదులే అన్న ధైర్యంతో.

వినపడింది. "ఏవండీ టీచరు గారూ, దశ అంటే ఏంటండీ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. తప్పించుకునే దారిలేక నిచ్చెన కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మా నాన్న కొల్లేట్లో చేపలు పట్టేవోడండి. నేను కుర్రతనంలో బాతుల్ని మేపానండి. తర్వాత వరి ఊడ్చామండి. ఆ పొలాన్నే చేపల చెరువు చేశామండి. ఇప్పుడు మా అబ్బాయి నీళ్లకి గాలి కొట్టే మిషన్లు ఇంట్లో కూర్చుని ఫోన్లో నొక్కి తిప్పుతాడండి. మీ నిచ్చెన మొత్తం ఎక్కేసినట్టేనాండీ?"

"ఎక్కేశారండీ" అన్నాను నీరసంగా. "మరి ఈ వల?"

"సరదాకండీ. చెరువు చేప నాకు సయించదు." దారం కొరికి మళ్లీ అడిగాడు. "మీ నాన్నగారేం చేసేవారండీ?"

"తాడేపల్లిగూడెంలో పౌరోహిత్యం."

"తాతగారో?"

"ఆయనా అంతే."

"వాళ్లు మంత్రాలు చెప్పారు, మీరేమో పాఠాలు. అయితే మూడు తరాలుగా చెప్పే మెట్టు మీదే ఆగిపోయారన్నమాటండీ!"

పిల్లలు పడీపడీ నవ్వారు. మా బస్సు డ్రైవరైతే తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

లోపలి నుంచి ఆయన భార్య టీ గ్లాసులతో వచ్చి, "ఊరుకోండి మీరు, పంతులమ్మగారితో పరాచికాలేంటి?" అని కసిరింది. ఆ ఆసరాతో నేను మాట మార్చి, వాళ్లింట్లో వంట మొదట్నించీ దేనిమీదని అడిగాను. కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు, గ్యాసు అని వరసగా చెప్పిందావిడ. మా అమ్మ వంటింట్లోనూ అచ్చం అదే వరస! నా పాఠం బతికిందని పొంగిపోయి పిల్లల వైపు తిరిగాను.

"గ్యాసు తర్వాత కరెంటు పొయ్యి కొన్నామండి. మీరెప్పుడు కొన్నారండీ?" అంది ఆవిడ.

మేమింకా కొనలేదు. ఆ మాట చెప్పడానికి నాకు టీ మొత్తం తాగేంత సేపు పట్టింది.

ఆవిడ మాత్రం నవ్వలేదు. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి, మీట నొక్కి, పెనం పెట్టి చూపించింది. దోసె అంటుకోకుండా ఎంత వేడి పెట్టాలో అడిగి అరచేతిలో రాసుకున్నాను.